ఊదితేనే కదిలే కారు

సత్యనారాయణ వ్రతానికి వెళ్తుంటే మా ఆయన లైసెన్సు పోయింది. ముందు రోజు సాయంత్రం స్నేహితులతో బాగా తాగారు. పొద్దున్నే తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పట్టుపంచె కట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నారు. తలస్నానంతో అంతా దిగిపోయిందని ఆయన నమ్మకం. నిజానికి నాదీ అదే నమ్మకం. ములింగార్ ఊరు దాటకముందే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపి గొట్టంలో ఊదమన్నారు.

ఆయన కొన్నాళ్లు కారు నడపకూడదంది కోర్టు. అందరూ నా మీద జాలిపడ్డారు. నాకు మాత్రం లోలోపల పండగే. అప్పటిదాకా మా అమ్మాయిని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లేది ఆయనే మరి. తిరిగొచ్చి కారు దిగేసరికి ఇద్దరి ముఖాలూ వెలిగిపోతుండేవి. "ఏంటే అంత నవ్వు?" అంటే, "నథింగ్, అమ్మా" అనేది. ఆ నథింగ్ వింటే నాకు ఒళ్లు మండేది. నాతో ముక్తసరి మాటలు, నాన్నతో కబుర్లు!

ఇక స్టీరింగ్ నా చేతికొచ్చింది. మొదట్లో అమ్మాయి అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. పోనుపోను ఒక్కో సంగతీ బయటపెట్టింది. టీచర్ మీద కోపం, మాట్లాడటం మానేసిన స్నేహితురాలు. ఒకరోజు రౌండబౌట్ దగ్గర ఏడ్చింది కూడా. అది నా దగ్గర ఏడ్చినందుకు నాకెంత సంతోషమేసిందో చెబితే బాగుండదు.

గడువు తీరి లైసెన్సు తిరిగొచ్చింది.

"రేపట్నుంచి నేను తీసుకెళ్తాలే, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నారాయన.

"కారులో ఊదే మిషను పెట్టిస్తేనే" అన్నాను. నడిపేవాళ్లు ముందు దాంట్లో ఊదాలి. తాగలేదని తేలితేనే ఇంజను స్టార్టవుతుంది. కోర్టు అడగలేదు, అడిగింది నేనే. పిల్ల క్షేమం కోసమన్నాను. అభిమానం ఉన్న మనిషి, చచ్చినా ఒప్పుకోరనీ, తాళాలు నా దగ్గరే ఉండిపోతాయనీ నా ఆశ.

ఆయన "నువ్వన్నది కరెక్టే" అని వారం తిరిగేలోపే పెట్టించారు.

మొదటిరోజు వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆయన బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటే అమ్మాయి డ్యాష్‌బోర్డు మీద దరువేస్తూ "గో ఆన్, డాడ్! గో ఆన్!" అని అరుస్తోంది. నేను పట్టుబట్టి పెట్టించిన మిషను వాళ్లిద్దరికీ కొత్త ఆటైపోయింది.

ఆయన చుక్క ముట్టలేదని నాకు తెలుసు. అయినా ఆ కారు స్టార్టవకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

స్టార్టయింది. అమ్మాయి అప్పటికే ఆయనకేదో చెప్పడం మొదలుపెట్టింది.