ఆటలోకి ఎక్కిన బావ లారీ

మా బావ అన్నం తినేటప్పుడు గది తలుపు దగ్గరికి వేసుకుంటున్నాడని అక్క ఫోన్లో చెప్పినప్పుడు, నేను సూర్యాపేటలో నా కంప్యూటర్ రిపేరు షాపులో ఎవరిదో కీబోర్డును బోర్లించి దులుపుతున్నాను. అందులోంచి రాలిన మిక్చరుతో ఒక పూట గడిచేటట్టుంది. ఆ మాటే అక్కతో అనబోయి ఆగిపోయాను. ఆమె గొంతు నవ్వే స్థితిలో లేదు.

బావ ముప్పై ఏళ్లు లారీ తోలాడు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం, మఠంపల్లి వైపు నుంచి సిమెంటు. పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు రెండు నెలల్లో మాట విన్నది. చెయ్యి వినలేదు. దవాఖానలో చెప్పింది ఒక్కటే: కొన్ని నెలలపాటు ఆ వేళ్లను ఊరికే ఉండనివ్వొద్దు, ఉండనిస్తే అవి అలాగే ఉండిపోతాయి. ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. బావ దాన్ని కిటికీలో పెట్టి, దానికి వీపు చేసి పడుకున్నాడు. లారీ అమ్మేశారు, తోలే పని లేనప్పుడు ఈ చెయ్యి వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే అని ఆయన తేల్చేసుకున్నాడు. ఎడమ చేత్తో, చెంచాతో తినాల్సి వస్తోంది కాబట్టి అది ఎవరి కంటా పడకూడదని తలుపు. పెళ్లిళ్లకు రాడు. ఇంటికి చుట్టం వస్తే ఆకలి లేదంటాడు.

"మనుషుల్లో కూర్చుని ఒక్క ముద్ద తింటే చాలురా తమ్ముడూ. నాకింకేం వద్దు" అన్నది అక్క.

పెళ్లయి కోదాడ పోయినప్పటి నుంచి అక్క మాట కొంచెం కృష్ణా నది అవతలి యాసకు జరిగింది. వేరే రోజైతే దాని మీద ఓ పావుగంట ఆడుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆదివారం వస్తానని చెప్పి పెట్టేశాను.

నా చేతిలో ఉన్న విద్య ఏమిటో చెప్పాలి. లెక్కల సారుకూ నాకూ పడక తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి ఒక నెట్ సెంటర్లో చేరాను. అక్కడ పట్టుబడిన పనే ఇది; ఏ సర్టిఫికెట్టు మీదా దీని పేరు ఉండదు. ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్ ఆట ఒకటుంది. అందులో ఒక పెద్ద ఊరు, కొండలు, రోడ్లు. ఎటైనా పోవచ్చు, ఏ బండైనా ఎక్కవచ్చు. ఆ ఆటలోని విదేశీ బండ్లు తీసేసి మన బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు పెడతాం. మోడ్ వేయడం అంటారు. బండికి రెండు ఫైళ్లు ఉంటాయి, ఒకటి దాని ఒళ్లు, రెండోది రంగు. పాతవి తీసి, వాటి పేరుతోనే కొత్తవి పెట్టాలి. మార్పు జరిగినట్టు ఆటకు తెలియకూడదు. బరువెంత, వేగమెంత అన్నవి మరో ఫైల్లో వరుసగా అంకెలు. ఒక్క అంకె జారిందా, ఆట తెరుచుకోదు. తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ నేను గడిపిన మధ్యాహ్నాలు చూసి ఉంటే ఆ లెక్కల సారు నన్ను క్షమించేవారు.

బావ లారీని ఆ ఆటలోకి ఎక్కిస్తే, మీటలు నొక్కడానికైనా వేళ్లు కదులుతాయని నా ఆశ. గట్టి ఆశేం కాదు. నాకు వచ్చింది అదొక్కటే కాబట్టి అదే మందు అనుకున్నాను.

మన దేశపు లారీ నెట్లో దొరికింది. ఎవరో తమిళ తమ్ముడు చేసి, ఎవరైనా వాడుకోండని పెట్టాడు. దానికి బావ లారీ రంగులు వేయాలి. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫొటో, దసరా ఆయుధపూజ నాటిది. అందులో లారీ కంటే బంతిపూలే ఎక్కువ. అదీ ముందు వైపు. లారీ వెనక్కి పోయి ఫొటో తీసేవాడెవడు? కానీ డ్రైవరు ఇష్టంగా వేయించుకునేదంతా వెనకే ఉంటుంది. అందుకని మిర్యాలగూడ పోయి, ఆ లారీకి బొమ్మలు వేసిన పెయింటర్ను పట్టుకున్నాను. మిల్లుల రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. గుర్తున్నంత వరకు కాగితం మీద వేసివ్వమని అడిగాను.

"కాయితం మీద నాకు రాదు తమ్మీ, రేకు ఉండాలె" అని, మూలనున్న రేకు ఒకటి తెచ్చి గోడకు నిలబెట్టాడు. పండబెట్టి వేసుకోవచ్చు కదా అంటే, లారీ పండుకొని ఉంటదా అన్నాడు. నీలం మీద ఎదురెదురుగా రెండు నెమళ్లు, నడుమ తామర పువ్వు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఎడమ వైపు నెమలి కన్ను దగ్గర మాత్రం కాసేపు ఆలోచించి, రెండోదాని కంటే చిన్నగా పెట్టాడు. పెద్దాయనకు చూపు ఆనలేదేమో అనుకుని మెల్లగా చెప్పబోయాను.

"ఎరుకే. ఆ బండికి గట్లనే పడ్డది. మీ బావ నన్ను మస్తు తిట్టిండు. ఇప్పుడు సక్కగ ఏస్తే తన బండి కాదంటడు" అన్నాడు.

ఆ రేకును ఫొటో తీసి లారీ వెనక అతికించాను. ఆదివారం ఒక పాత కంప్యూటర్ను దుప్పట్లో చుట్టుకుని కోదాడ బస్సెక్కాను. కిరాయి ఇల్లు మారుతున్నవా అని కండక్టరు అడిగాడు. మా బావకు లారీ తీసుకపోతున్నా అన్నాను. ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు.

మంచం పక్కన బల్ల మీద అంతా అమర్చి ఆట తెరిచాను. బావ గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేనేమీ చెప్పకుండా, లారీ వెనక భాగం తెర నిండా కనిపించేటట్టు పెట్టి నీళ్లు తాగే మిషతో లేచాను. తిరిగి వచ్చేసరికి బావ ఇటు తిరిగి, తెర మీది నెమలి చిన్న కన్నును చూస్తున్నాడు. అప్పుడు నేను మీట నొక్కి ఆటలోని మనిషిని లారీ ఎక్కించాను. వాడు తలుపు తీసుకుని లోపలికి పోయి కూర్చున్నాడు.

"నన్ను మల్ల క్లీనర్ను చేసినవా?" అన్నాడు బావ.

నాలుగు నెలల్లో ఆయన నాతో అన్న మొదటి పూర్తి మాట అది. చూస్తే, నిజమే. మన లారీకి స్టీరింగ్ కుడి వైపు. ఆట విదేశాలది కాబట్టి మనిషి పోయి ఎడమ వైపు కూర్చుంటాడు. స్టీరింగ్ ముందు ఎవరూ లేరు, ఎడమ సీట్లో క్లీనరు గాలిని పట్టుకుని తిప్పుతున్నాడు. మా షాపుకొచ్చే పిల్లలకు వందసార్లు ఇట్లాంటి బండ్లు ఎక్కించి ఇచ్చాను. ఒక్కడూ అడగలేదు, నాకూ తోచలేదు. బావ మాత్రం ఎనిమిదేళ్లు ఆ ఎడమ సీట్లో కూర్చుని, టైర్లు తుడిచి, తిట్లు తిని కుడి సీటుకు వచ్చినవాడు. ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు.

మనిషి ఎక్కడ కూర్చోవాలో చెప్పే చుక్క ఒకటి బండి ఫైల్లోనే ఉంటుంది. దాని అంకెకు ముందు మైనస్ గుర్తు పెడితే వాడు అవతలి సీటుకు పోతాడు. ఈ సంగతి నెట్లో వెతికి పట్టుకునేసరికి అక్క మూడుసార్లు టీ పెట్టింది. రెండుసార్లు ఆట తెరుచుకోలేదు. చివరికి మనిషి కుడి వైపు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కాకపోతే తలుపు తీయకుండా, రేకులోంచి దూరి ఎక్కుతున్నాడు. అదేందని బావ అడిగితే, పాత డ్రైవర్లంతే బావా, తలుపు దాకా ఆగరు అన్నాను. ఆయన నవ్వలేదు గానీ, లేచి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పూటంతా నాకు పని చెబుతూనే ఉన్నాడు. లారీ దూడలాగా దుంకుతోంది, లోడు లేదా అన్నాడు. బరువు అంకె పెంచాను. చాలదన్నాడు. కొండ ఎక్కుడు దగ్గర బండి మూలిగేదాకా పెంచితే అప్పుడు తలూపాడు. ఇంతలో ఎదురుగా ఇంకో లారీ వచ్చింది. ఆటలోని లారీ ఫైళ్ల స్థానంలో ఆయన లారీని పెట్టాను కదా, ఊళ్లో తిరిగే ప్రతి లారీ ఇప్పుడు ఆయనదే. అవే రంగులు, అదే నంబరు. బావ బండి ఆపేశాడు.

"నా బండి ఎవడు తోలుతుండు?"

"అన్నీ నీయే బావా. ఇయ్యాల్టి నుంచి నువ్వు ఓనరువి, డ్రైవర్లను పెట్టినం" అన్నాను. తన డ్రైవర్ల తీరు చూసి ఓనరు సాయంత్రం దాకా పళ్లు కొరికాడు.

అంతా బాగుంది, ఒక్కటి తప్ప. బండిని తిప్పే మీటలన్నీ కీబోర్డుకు ఎడమ వైపే ఉంటాయి. ఆయన మొత్తం ఎడమ చేత్తోనే తోలాడు. కుడి చెయ్యి ఒళ్లో కుక్కపిల్లలాగా పడుకుని ఉంది. చీకటి పడుతుండగా ఆయన తలుపు వేసుకుని తిన్నాడు. నేను, అక్క బయట తిన్నాం.

తిరుగు బస్సులో ఆలోచిస్తూ కూర్చుంటే హారన్ గుర్తొచ్చింది. ఆ రోజంతా బావ మూల మూలకూ, కనబడిన మనిషికల్లా హారన్ కొడుతూనే ఉన్నాడు. దారి ఖాళీగా ఉన్నా కొట్టాడు. బ్రేకు లేకుండా అయినా మన లారీ నడుస్తుందేమో గానీ హారన్ లేకుండా నడవదు. ఆ మీట కూడా ఎడమ వైపే ఉండేది. మరుసటి ఆదివారం పోయి దాన్ని తీసి, కీబోర్డుకు కుడి చివర అంకెల దగ్గరుండే పెద్ద సున్నా మీటకు మార్చాను.

బావ మొదటి మలుపులో హారన్ కోసం తడుముకున్నాడు. ఎక్కడుందో చెప్పాను. ఎడమ చెయ్యి స్టీరింగ్ వదిలి అక్కడికి పోయేలోపు లారీ స్తంభానికి కొట్టుకుంది. రెండోసారి సముద్రంలో పడింది.

"హారన్ గంత దూరం పెట్టినోడెవడు?"

"ఆట చేసినోళ్లు తెల్లోళ్లు బావా. ఆళ్లు హారన్ కొట్టరంట" అన్నాను. ఆయన తెల్లవాళ్లను చాలాసేపు తిట్టాడు. నేనూ ఓ చెయ్యి వేశాను.

తర్వాత రెండు వారాలు హారన్ లేకుండానే తోలాడు. ఒక్కపొద్దు ఉన్నవాడిలాగా మొహం పెట్టుకుని, మలుపు మలుపుకూ బండి స్లో చేసుకుంటూ. పాపంరా, యథాప్రకారం పెట్టెయ్యి, ఉన్న ఒక్క సంతోషం కూడా తీసేసినట్టుంది అని అక్క బతిమాలింది. నాకూ లోపల అదే పీకుతోంది. జబ్బు మనిషితో పరాచికాలేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. వచ్చే ఆదివారం పాత చోటుకే మారుస్తానని మాటిచ్చాను.

బుధవారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఫోన్ను గది వైపు పట్టుకుంది. హారన్. కొట్టి వదలడం కాదు, మోగుతూనే ఉంది.

"కుడి చెయ్యి దాని మీద పడేశాడురా, మళ్లీ తీయలేకపోతున్నాడు" అని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతుతో అన్నది.

వేయడం వచ్చింది, తీయడం ఇంకో వారానికి వచ్చింది. మొదట పిడికిలి మొత్తం, తర్వాత అరచేతి అంచు, ఆ తర్వాత బొటనవేలు. నేను వెళ్లినప్పుడల్లా హారన్ను ఇంకో మీటకు మార్చేవాణ్ణి. పెద్దదాని నుంచి చిన్నదానికి, దగ్గరి వరస నుంచి పై వరసకు. రెండోసారి మార్చినప్పుడే బావకు సంగతి అర్థమైంది. నా మొహం వైపు ఓసారి చూసి, "ఇగ ఏడికి జరుపుతవో జరుపు" అన్నాడు. తెల్లవాళ్ల ప్రస్తావన మళ్లీ రాలేదు. రబ్బరు బంతిని మాత్రం ముట్టలేదు, దాని మీద కోపం అలాగే ఉంచుకున్నాడు.

దసరా వెళ్లాక దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరు వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసి మెచ్చుకున్నాడు. లారీ సంగతి బావే అడిగాడు. ఆ చేతికి ఇక అంత బలం రాదని, ఆ ఆలోచన మానుకోమని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఆ తర్వాత వారం రోజులు కంప్యూటర్ మీద తువ్వాలు కప్పే ఉందని అక్క చెప్పింది. పని అయిపోయిందనుకున్నాను. చెయ్యి వచ్చింది, మనిషి మళ్లీ గోడకు తిరిగాడు.

ఆ ఆదివారం చేతులూపుకుంటూ వెళ్లాను. అక్క దోసకాయ పప్పు చేసింది. నేను ముందు గదిలో కంచం ముందేసుకుని కూర్చున్నాను. గది తలుపు తీసుకుని బావ వచ్చి నాకు ఎదురుగా కూర్చున్నాడు. అక్క కంచం తెచ్చి, పక్కన చెంచా పెట్టింది. బావ కుడి చేత్తోనే ఆ చెంచాను పక్కకు జరిపాడు.

కలపడానికే చాలాసేపు పట్టింది. ముద్ద నోటి దాకా వచ్చేసరికి సగం కంచంలో, కొంచెం లుంగీ మీద. రెండో ముద్దా అంతే. నాది తొందరగా అయిపోతే ఆయన ఒక్కడే మిగులుతాడని, ఉన్న అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతూ కూర్చున్నాను. తల ఎత్తకుండానే బావ అది కనిపెట్టాడు.

"ఏం బామ్మర్దీ, గట్ల కెలుకుతున్నవ్? నీ చెయ్యి గిట్ల పడిపోయిందా?"

అక్క వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. నేను గబగబా తినేశాను. బావ నా తర్వాత పదిహేను నిమిషాలకు పప్పు ముగించి, కంచంలో రాలిన మెతుకులు ఒక దగ్గరికి లాగుకుని, పెరుగు తెమ్మని అక్కను కేకేశాడు.