మిగిలిపోయిన బోల్టు

ఫ్రిజ్ బాగుచేసి మూత బిగించాక చేతిలో ఒక స్క్రూ మిగలకపోతే, అది ఈ వీధి మెకానిక్ చేసిన పని కాదని వీధి వీధంతా చెబుతుంది. ఫ్రిజ్ మాత్రం నిక్షేపంలా పనిచేస్తుంది. ఆయన ఆ స్క్రూని చొక్కా జేబులో వేసుకుని చల్లగా జారుకుంటాడు. అలా ఆయనకు ‘మిగులు మెకానిక్’ అని పేరు పడిపోయింది.

అలాంటి మనిషి ఇంట్లో విమానం బిగిస్తానంటే జనం ముక్కున వేలేసుకోక ఏం చేస్తారు? అసలు కోరిక ఆయనది కాదు, పెళ్లాంది. ఆవిడ జనానికి కారు నడపడం నేర్పుతుంది. గేరుకీ బ్రేకుకీ తేడా తెలియనివాళ్ల పక్కన ఏళ్ల తరబడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాక, ఎదురుగా ఎవడూ రాని చోట ఒక్కసారైనా బండి నడపాలని బుద్ధి పుట్టింది. ఆకాశం తప్ప అలాంటి చోటు కనబడలేదు. క్లబ్బులో చేరి విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఈయన పెట్టెల్లో ముక్కలుగా వచ్చే ఒంటి సీటు విమానం తెప్పించాడు.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. హాల్లో విమానం పొట్ట, మంచం కింద రెక్కలు. తోక వంటగదిలోకి పొడుచుకొచ్చింది. ఆవిడ దాని మీద మసిగుడ్డలు ఆరేసేది. పొయ్యి దగ్గరకు పోవాలంటే ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. వంగకుండా వచ్చిన ఎదురింటి మాస్టారు నుదుటి మీద బొప్పి తడుముకుంటూ, “ఇది ఎగురుతుందో లేదో గానీ, బాగా కొడుతుంది” అన్నాడు.

ఎన్నాళ్లో పట్టినా, మొత్తానికి పని పూర్తయింది. విమానాన్ని ఊరి చివరి మైదానానికి చేర్చి రెక్కలు తగిలించారు. ఆఖరి నట్టు బిగించి మెకానిక్ లేచి చూస్తే, డబ్బా అడుగున ఒక బోల్టు మిగిలి ఉంది.

అలవాటు కొద్దీ దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు గానీ, చల్లగా జారుకోలేకపోయాడు. ఫ్రిజ్‌లో స్క్రూ తక్కువైతే మహా అయితే పాలు విరుగుతాయి. ఇందులో కూర్చునేది ఆవిడ. ఆవిడ తప్ప ఆయనకు లోకంలో ఎవరూ లేరు. ఆ మాట ఆవిడతో ఏనాడూ అనలేదు గానీ, ఆ బోల్టు చూశాక ఇంకేమీ తోచలేదు.

మొత్తం విప్పాడు. ప్రతి అతుకూ చూసి మళ్లీ బిగించాడు. బోల్టు మళ్లీ మిగిలింది. మళ్లీ విప్పాడు. చివరికి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ అంగుళం అంగుళం టార్చి వేసి చూసి, “ఎక్కడా లోటు లేదయ్యా. కంపెనీవాళ్లు ఒకటీ అరా ఎక్కువే పంపుతారు” అని సంతకం పెట్టి వెళ్లాడు. ఆయన అటు వెళ్లాడో లేదో, ఈయన ఇటు పానా అందుకున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“మళ్లీ ఏంటి?”

“ఇంకొక్కసారి చూస్తే...”

“మీరు చూస్తూనే ఉండండి. నా మోకాళ్లు ఇప్పటికే ఆ సీట్లో వంగనంటున్నాయి.”

“ఏదో మర్చిపోయుంటాను. నా సంగతి నీకు తెలుసుగా.”

“తెలుసు. మనింటి ఫ్రిజ్ కూడా మీరు విప్పిందే. ఒక్కనాడు మొరాయించలేదు.”

“ఫ్రిజ్ పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు” అన్నాడు. పానా మాత్రం వదల్లేదు.

ఆవిడ ఆయన చొక్కా జేబులోంచి బోల్టు తీసి, తన కోటు జేబులో వేసుకుని జిప్పు లాగింది.

“ఇప్పుడు చెప్పండి. విమానంతో పాటు పైకి వెళ్లని బోల్టు ఏదైనా మిగిలిందా?”

ఆయన పానా కింద పెట్టాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది.

విమానం లేచింది. చూడ్డానికొచ్చిన వీధివాళ్లు చప్పట్లు కొట్టారు. అది నెత్తి మీదుగా పోతుంటే మాస్టారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. మెకానిక్ మాత్రం పైకి చూడలేదు. ఫ్రిజ్ మోటారు వినేటప్పటిలాగే కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. అది దూరమైనప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు.

ఆవిడ దిగింది. జుట్టంతా రేగిపోయి ఉంది.

“ఎదురుగా ఒక్కడంటే ఒక్కడు రాలేదండీ!” అని పడీ పడీ నవ్వింది. జిప్పు తీసి బోల్టు ఆయన ముందు పెట్టింది. “ఇదిగో, మీది.”

మెకానిక్ దాన్ని తీసుకుని, తిరిగి ఆవిడ జేబులోనే వేశాడు. జిప్పు లాగి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

“అది అక్కడిదే” అన్నాడు.