జయరత్నం వెదికిన చావు కాగితం

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. మిషన్ ఆసుపత్రిలో దుప్పట్లుతికే జయరత్నం, మునసబుకు కోడిపుంజునిచ్చి, బతికున్న మొగుణ్ణి చచ్చినట్టు రాయించుకుందట. బావికాడ అంకమ్మ చెప్పింది. "రెండో పెండ్లికి తొందర పడింది" అని కూడా చేర్చింది.

ఆ చావు కాగితం కోసం కచేరీలకు జయరత్నంతో పాటు పోయినదాన్ని నేను. నన్నెవరూ పిలవలేదు. నాలుగో తరగతి చదివాను, అర్జీలు రాసేందుకు పనికొస్తానని నాకు నేనే చెప్పుకుని బస్సెక్కాను. కాబట్టి వినండి. కోడి మాట అబద్ధం. లేని చావు రాయించిన మాట మాత్రం నిజం. ఎవరు ఎవరిని రాయించారన్నది అంకమ్మ నోట్లో తిరగబడింది.

జయరత్నం మొగుడు ఆనందరావు తాపీ మేస్త్రీ. పుంగనూరు అవతల పల్లెలో ఆరేండ్లు కాపురం చేశారు. యుద్ధం మొదలైన ఏడు, కోలారు గనుల్లో పని ఉందని పోయినవాడు మళ్ళీ రాలేదు. ఆమె మదనపల్లెకు వచ్చి ఆసుపత్రిలో కుదిరింది. ఆనందరావు కుప్పం తట్టు వాంతిభేదితో పోయాడని కొన్నేండ్లకు ఎవరో కబురు చెప్పారు. ఆమె తెల్లచీర కట్టింది. ఏడ్చినట్టు మాత్రం ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు, చూద్దామనే రెండుసార్లు పోయాను.

నిరుడు కాంపౌండరు ప్రేమానందం ఆమెను చేసుకుంటానన్నాడు. నలభై దాటినవాడు, భార్య పోయినవాడు, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. ఆయన పేరెత్తితే చాలు, జయరత్నం చేతిలోని దుప్పటి తొట్టిలోకి జారేది. కిరస్తానీల్లో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. పాస్టరయ్య ఒక్కటే అడిగాడు.

"మొదటి మొగుడు పోయినట్టు కాగితముండాదా? అది లేకుండా నేను ప్రకటన సదవను తల్లీ."

అందుకని బొగ్గుతో నడిచే బస్సులు రెండు మారి, ఒళ్ళంతా మసి చేసుకుని కుప్పం చేరాం. కబురులో చెప్పిన పక్క పల్లె మునసబు నారాయణప్ప అరుగుమీద చావుల రిజిస్టరు తెరిచాడు. అంత చిత్రమైన పుస్తకాన్ని నేను చూడలేదు. పేరు, కులం, వయసు, జబ్బు, చెప్పినవాడు. ముప్పాతిక మంది జ్వరంతోనే పోయారు.

"అందరికీ జ్వరమేనా అప్పా?" అన్నాను.

"ఊరి కాపలా తలారి వచ్చి చెప్పిందే నేను రాసేది. వానికి తెలిసింది నాలుగు జబ్బులే" అన్నాడు.

మూడేండ్ల పేజీలు తిప్పినా ఆనందరావు లేడు. నారాయణప్ప తల గోక్కున్నాడు. "పుంగనూరు తట్టు మేస్త్రీనా? ఎడమకంటి కాడ గాటుండాదా?"

"ఆయప్పే!" అంది జయరత్నం ఆత్రంగా. "యాడ పూడ్సినారో సూపిస్తారా?"

నారాయణప్ప పడీపడీ నవ్వాడు. "నిన్న మా గోడ కట్టి పోయినాడమ్మా! పూడ్సల్లంటే ఇంకా కొన్నేండ్లు ఓర్సుకోవల్ల."

ఇల్లు కూడా అతనే చూపించాడు. వాకిట్లో ఇరవై ఏండ్ల పిల్ల, కడుపుతో ఉంది. పేరు దయామణి. నేను నోరు తెరిచేలోగా జయరత్నమే "ఆనందరావుకు సుట్టాలం, పుంగనూరు తట్టు" అంది. ఆ పిల్ల మొహం వెలిగింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"అయితే మా అక్కను మీరెరిగే ఉంటారు! ఆయప్ప మొదటి పెండ్లాము, జయరత్నమక్క. ఆయమ్మ పోయిన దినాన ఏటేటా ఇంట్లో ప్రార్థన పెట్టిస్తాడు. ఆ పొద్దు ఆయప్ప ఏడుస్తాడు, నేను పాయసం సేస్తాను."

"ఏ నెల?" అని అడిగింది జయరత్నం.

"మార్చి పద్నాలుగు."

"ఏం జబ్బంట?"

"జ్వరమంటమ్మా."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. మజ్జిగ ముక్కులోకి పోయి దగ్గాను. అంతలో ఆనందరావు వచ్చాడు. జయరత్నాన్ని చూసి, చేతిలో తాపీ అట్లే పట్టుకుని, మమ్మల్ని రోడ్డుదాకా నడిపించాడు.

"ఈడికి యాల వస్తివి?"

"నన్నెప్పుడు సంపినావు?"

"పుంగనూరు కాడ మన పల్లెలో తలారికి చెప్పి రాయించినా. పెండ్లాము పోయిన కాగితం లేకుండా ఈడి పాస్టరు పెండ్లి సెయ్యనన్నాడు."

"అబద్ధమని చెప్పి కొట్టేయించు."

"చెప్తే నన్ను జైల్లో ఏస్తారు. నువ్వు సచ్చినట్టుంటే నీకు పోయిందేమి? తింటాండావు, తిరగతాండావు."

పాత రిజిస్టర్లు తాలూకా కచేరీకి చేరుతాయి. పుంగనూరులో రికార్డు గుమాస్తా లక్ష్మీపతి 1941 కట్ట దులిపి తీశాడు. మార్చి పద్నాలుగు. జయరత్నం, ఆనందరావు భార్య, కిరస్తానీ, ఇరవై ఆరు, జ్వరం. చెప్పినవాడు: భర్త. ఆమె వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుంది. నేను అర్జీ నింపుతుంటే గుమాస్తా అడిగాడు.

"పోయినామెకు ఈమె ఏమవుతాది?"

"ఈమే ఆమె" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇక్కడ సుట్టరికం రాయల్లమ్మా. కూతురా, సెల్లెలా, అది రాయండి. తానే అంటే అది సుట్టరికం కాదు."

"కొట్టేయాలంటే?"

"చెప్పినోడు వచ్చి తప్పు చెప్పినానని ఒప్పుకోవల్ల. లేదంటే కోర్టుకు పోవల్ల."

చివరికి చెల్లెలని రాశాను. పోయినామె చెల్లెలిగా తన చావు నకలు తానే సంతకం పెట్టి తీసుకుంది జయరత్నం.

పాస్టరయ్య కుప్పంలో జరిగిందంతా విని, ఆ నకలు రెండుసార్లు చదివాడు. "ఈ లెక్కన నీ మొగుడు బతికుండాడు. నీకు ప్రకటన కుదరదు. ఆయప్ప చేసుకున్న రెండో పెండ్లి కూడా చెల్లదు. నువ్వు ఊ అను, కుప్పం పాస్టరుకు ఈ దినమే జాబు రాస్తాను. నిన్ను పిలుసుకోని పోయి ఏలుకోమంటాను."

"వద్దయ్యా" అని ఆమె కాగితం మడిచి తెచ్చుకుంది.

ప్రేమానందం నాలుగు నెలలు ఆగాడు. అయిదో నెలలో గుడిలో ఆయన ప్రకటన చదివారు, చిత్తూరు పంతులమ్మ మణెమ్మతో. అభ్యంతరం ఉన్నవారు లేవండి అన్నప్పుడు తలలన్నీ జయరత్నం వైపు తిరిగాయి. ఆమె లేవలేదు. ఆ పెండ్లికి పరిచిన జంపఖానాలు ఉతికింది కూడా ఆమే. అంకమ్మ తన మాట మొదలుపెట్టింది ఆ వారమే.

నాకు మాత్రం ఒకటి మింగుడు పడలేదు. దయామణి వాకిట్లో ఒక్క మాట అనుంటే ఆ దొంగ ప్రార్థన, పాయసం అన్నీ అక్కడికక్కడే ఆగేవి. మొన్న తొట్టిదగ్గర కూర్చుని సూటిగానే అడిగాను. "ఆ పొద్దు నేనే జయరత్నాన్నని యాల చెప్పలేదే నువ్వు?"

ఆమె దుప్పటి పిండడం ఆపలేదు.

"దయామణి రెక్కలు సూసినావా సిద్ధమ్మక్కా? రైక చేతుల కింద అంతా కమిలిపోయుండాది. ఆరేండ్లు నా రెక్కలూ అట్లే ఉండె. నేను నోరు తెరిసుంటే ఆ పిల్లను పుట్టింటికి తోలి, నన్ను ఆయప్ప ఇంటికి తోలుంటారు. తెలిసే ఆ పిల్లను ఆడ వదిలేసి వస్తినక్కా."