గిటారు మామ తప్పు స్వరం

పోయిన వారం పులివెందులలో ఒక రిసెప్షన్‌కు వెళ్లాను. స్టేజీ మీద కాలేజీ వయసు అమ్మాయి ఒక పాత పాట గిటారు మీద వాయిస్తోంది. ఎవరూ పెద్దగా వినడం లేదు. పల్లవి చివర ఆ అమ్మాయి తీగను కొంచెం పక్కకు లాగి, పాటలో లేని ఒక స్వరం మీద ఆగి, మళ్లీ దారిలోకి వచ్చింది. నా చేతిలో ఐస్‌క్రీమ్ కరిగిపోయింది. ఆ తప్పు నా వల్లే పుట్టింది మరి.

పదేళ్ల కిందట ప్రొద్దుటూరు ఆర్కెస్ట్రాలో ఒక గిటారు మామ ఉండేవాడు. వరసకు మామ కాదు, మా వైపు పెద్దవాళ్లంతా మామలే. మామూలు రోజుల్లో జమ్మలమడుగులో దర్జీ పని, ముహూర్తాలు వస్తే గిటారు. ఆయన వాయిస్తుంటే బిర్యానీ వడ్డించేవాళ్లు కూడా గరిటె పట్టుకుని నిలబడిపోయేవాళ్లని చెప్పను, నిలబడింది నేనొక్కణ్ణే. ఎంత వేగంగా వెళ్లినా ఒక స్వరం మీద మరొకటి పడేది కాదు, మంచి కుట్టులాగా దేనికదే విడిగా కనిపించేది. నాకు సంగీతం రాదు. అయినా ఆ వేళ్లు కదిలితే విస్తరి సంగతే మరిచిపోయేవాణ్ణి.

నేను ఇన్సూరెన్సు ఏజెంటును, నన్ను పిలవని పెళ్లి ఉండేది కాదు. ముందు వరసలో కూర్చుని పాట వింటూనే, ఎవరింట్లో ఎంతమంది పిల్లలో చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. కొన్నాళ్లకు మామ ఎడమచేతి మీద రుమాలు కప్పుకుని వాయించడం మొదలుపెట్టాడు. నన్ను చూస్తే వీపు తిప్పేవాడు. నాకు అనుమానం పట్టుకుంది. అసలు వాయించేది పక్కనున్న కీబోర్డు ఆయనేమో, ఇన్నాళ్లూ నేను మురిసిపోయింది ఉత్త చేతుల ఊపు చూసేనేమో! తేల్చుకుందామని కుర్చీ ఇంకా ముందుకు జరిపాను. రుమాలు కాస్తా తువ్వాలైంది. ఆ రోజుల్లోనే, మొన్న పులివెందులలో విన్న పాటలోకి ఈ కొత్త మెలిక వచ్చింది. ఆహా, ఏం కల్పన అనుకున్నాను. స్కూటరు మీద అదే కూనిరాగం. పాలసీదారులకు కూడా పాడి వినిపించాను, పాపం ఓర్చుకున్నారు.

జమ్మలమడుగు పెళ్లిలో ఒక మధ్యాహ్నం, భోజనాల దగ్గర, మామ వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"ఏందప్పా, నిన్ను పంపిస్తాండేది ఎవురు? మాకు పోటీకొచ్చే ఆ దువ్వూరు ఆర్కెస్ట్రావోళ్లేనా?"

పుస్తకం చూపించమన్నాడు. పేర్లు, పుట్టిన తేదీలు, ఎవరికి షుగరు ఉందో లేదో. స్వరాలు ఏ గుర్తులతో దాచానో కనిపెడదామని అటూ ఇటూ తిప్పి చూశాడు. దొరక్కపోయేసరికి అసలు సంగతి చెప్పేశాడు.

"నువ్వొస్తే ఆ పాట తప్పు వాయిస్తాండా. రాసుకోని పోయి ఆ తప్పే వాయించుకోండ్లే అని."

నా ముఖం మాడిపోయింది. నేను ఏడాదిగా నెత్తిన పెట్టుకుని తిరిగింది ఆ తప్పునే కదా. ఒక్కసారి సరిగ్గా వినిపించమని బతిమాలాను. స్టేజీ ఎక్కి, తువ్వాలు తీసేసి వాయించాడు. సందేహం లేదు, వాయించేది ఆయనే. పాట ఒక్క పొల్లు పోకుండా సాగింది. నాకే ఎక్కడో వెలితి. ఆ తప్పుతోనే బాగుంది మామా అన్నాను. సరైన పాట పట్టుకుపోయి తప్పును తనకే అంటగడుతున్నాననుకున్నాడు, దాంతో నేను ఎవరో పంపిన మనిషినేనని ఆయనకు రూఢి అయిపోయింది. అభిమానినని ఎన్నిసార్లు చెప్పినా ఆ తర్వాత నమ్మలేదు.

పులివెందుల అమ్మాయిని అడిగితే, ఆ మెలిక నేర్పింది ప్రొద్దుటూరు కీబోర్డు సారని చెప్పింది. మామ పక్కన నిలబడి వాయించినాయనే.

మరునాడే జమ్మలమడుగు వెళ్లాను. మామ కుట్టుమిషను ముందున్నాడు. వేళ్లు బిగుసుకుపోయి గిటారు మానేశాడట. సంగతంతా చెప్పాను. మిషను ఆపాడు.

"వాన్ని పక్కన పెట్టుకోని నిన్ను అనుమానించినా గదప్పా," అన్నాడు.

పదేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది. కళ్లు తడిశాయి, దాచడం దేనికి?

తర్వాత ఆ అమ్మాయి ఎట్లా వాయించిందో పాడమన్నాడు. పాడాను. మామ మొహం చిట్లించాడు.

"అంత లాగగూడదు. ఇంగ రవ్వంత తక్కువ."

ఆ తప్పును ఒప్పు చేయడానికి కాలానికి పదేళ్లు పట్టింది, ఆ వేళ్లను బిగించడానికీ అంతే పట్టింది.