గది ఫైళ్లు

మా కాక పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కంప్యూటర్‌లో తలుపు చప్పుడు వెతుకుతున్నాను. ఎవరిదో షార్ట్ ఫిల్మ్. పాత కొయ్య తలుపు గొళ్లెం తీసిన చప్పుడు కావాలన్నారు. "తలుపు" అని కొడితే పద్నాలుగు ఫైళ్లు వచ్చాయి. ఆరోది వింటుండగా చిన్నమ్మ ఫోన్. "మీ కాక పోయిండు బిడ్డా, జర జల్ది రా," అని పెట్టేసింది. కంప్యూటర్ ఆపేసి చెప్పులేసుకుని నడిచాను. ఆ ఇంటి ముందుకు వచ్చాక తట్టింది, నేను వింటున్నది ఈ తలుపు చప్పుడేనని. దాన్ని రికార్డు చేసింది కూడా ఆయనే.

రక్తసంబంధం ఏమీ లేదు. హన్మకొండ దగ్గరి కాశిబుగ్గలో మా ఇంటికి మూడిళ్ల అవతల వాళ్ల ఇల్లు. మా బాపూ ఆయనా ఒకే షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని నేసినవాళ్లు. అలా ఆయన కాక అయ్యాడు, ఆయన భార్య చిన్నమ్మ అయింది. నేత కూడు పెట్టని రోజులొచ్చాక వాడకట్టులో సగం మంది సూరత్‌కో భివండీకో పోయారు. కాక పోలేదు. మగ్గం విప్పి అటక మీద పెట్టి, ఆ గదిలో పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. అందరూ పిచ్చి లేచిందన్నారు. మా బాపు కూడా అన్నాడు.

ఆ గది చూసినవాళ్లకు నవ్వొచ్చేది. గోడలకు పాత బొంతలు, కిటికీకి చిన్నమ్మ చీర. మగ్గం గుంతను మాత్రం ఆయన పూడ్చలేదు. పాడేవాళ్లు గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చోవాలి, నేసేటప్పుడు కూర్చున్నట్టే. ఎందుకంటే పాడే మనిషి కాలు ఊరుకోదు, తాళం వేస్తుంది. నేల మీద వేస్తే మైకులో దబదబ పడుతుంది. గుంతలో అయితే గాల్లో ఆడుతుంది, ఎంత ఆడినా ఫికర్ లేదు. పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా ఈ తెలివి నేను చూడలేదు.

నెక్కొండ నుంచి, డోర్నకల్ నుంచి, ఇటు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో వచ్చేవారు. నాట్ల పాటలు, కలుపు పాటలు, చచ్చినవాళ్ల మీద పాడే ఏడుపు పాటలు. చిన్నమ్మ ఒక్కొక్కరికీ గోరువెచ్చటి నీళ్లు ఇచ్చేది. డిగ్రీ అయ్యాక, కంప్యూటర్ తెలిసినదాన్నని నన్ను కూడా కాక పిలిచాడు. అంతకుముందు దాకా ఆయన ఒక్కడే ఎర్ర గుండీ నొక్కి రికార్డు చేసేవాడు. టైపింగ్ రాదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసే నంబర్లే ఫైళ్లకు పేర్లు.

ఒక్కో రకం గదిలో పాడినట్టు పాటకు మోత కలిపే ప్రీసెట్లుంటాయి, వాటికి మాత్రం ఆయన పేర్లు చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఇంగ్లిష్ పేర్లు ఆయనకు నచ్చలేదు. ఒకటి వినిపిస్తే "ఇది దవాఖాన వరండా" అన్నాడు. ఇంకోటి "రేకుల షెడ్డు". ఒకదాంట్లో ఒక్క మాటంటే నాలుగు మాటలు తిరిగొచ్చేవి. దానికి "మా అత్తగారిల్లు" అని పేరు పెట్టించాడు. చిన్నమ్మ లోపలి నుంచి గరిటెతో వచ్చింది. ఆ ప్రీసెట్ ఇప్పటికీ నా కంప్యూటర్‌లో ఉంది, దాన్ని ఏ పాటకూ వాడలేను.

ఇక అసలు సంగతి. ఇది రాయకుండా ఆయన గురించి రాస్తే నేను అబద్ధాలకోరునవుతాను.

ఎవరు పాడడానికి వచ్చినా కాక ముందు పాట పాడించేవాడు కాదు. గుండీ నొక్కి, ఒక నిమిషం ఉత్తగా కూర్చోమనేవాడు. ఫ్యాను మోత, వీధిలో సైకిలు, పక్కింటి కుక్కర్. "పాటకు ముందుగల్ల గదిని వినాలె," అనేవాడు. ఆ నిమిషం అయ్యాక మనిషి తన పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకుందో తనే చెప్పాలి. దాంతో ఆ ఫైలు అయిపోయేది. దాన్ని గది ఫైలు అనేవాడు. తర్వాత కొత్త ఫైలు తెరిచి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" మీద పాట మొదలయ్యేది. నేను పనిలో చేరాక కూడా, మనుషులు గదిలోకి వెళ్లాక తలుపు వేసుకుని ఆయనే చూసుకునేవాడు. నాది బయట, పాటలు శుభ్రం చేసే పని. పేరు నేను రాసుకుంటానులే కాకా అని ఒకసారి అన్నాను. "పేరు మనిషి నోట్లకెళ్లి రావాలె బిడ్డా, మన చేతులకెళ్లి కాదు," అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుని మర్చిపోయాను, ఆ పేర్లు ఏ ఫైల్లో ఉంటాయో అడగనూ లేదు.

కొత్త కంప్యూటర్ తెచ్చిన వారం కాక చుట్టాల పెళ్లికి పోయాడు. ఆయన వచ్చేలోగా అంతా సర్ది పెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు దొరికింది నాకు పాటలన్నీ ఉన్న డిస్క్. ఫోల్డర్లు కట్టాను, నాట్లవి ఒకచోట, ఏడుపులవి ఒకచోట. పాత నంబర్లు తీసేసి వరసగా కొత్త నంబర్లు వేశాను. మధ్యమధ్యలో, తెర మీద పాట అలలు లేక మొదలంతా గీతలా సాపుగా ఉన్న ఫైళ్లు వందల కొద్దీ తగిలాయి. నాలుగైదు తెరిచి కొంచెం కొంచెం విన్నాను. ఫ్యాను మోత. ఖాళీవి అనుకున్నాను. అన్నీ ఏరి తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పాత కంప్యూటర్‌ను కడిగినట్టు చేసి షాపువాడికి ఇచ్చేశాను. పాటల మొదట్లో ఉన్న ఆ "ఊఁ"లను కూడా కత్తిరిద్దామనుకున్నాను కానీ బద్ధకమేసి ఆదివారానికి వాయిదా వేశాను.

కాక వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను మురిసిపోతూ ఒక్కో ఫోల్డర్ తెరిచి చూపించాను. మంచిగుంది, మంచిగుంది అంటూనే ఉన్నాడు. చివరికి గది ఫైళ్లు ఏవని అడిగాడు. ఖాళీవి కదా కాకా, తీసేశాను అన్నాను.

"ఆఖరుదాంక ఇన్నవా?" అన్నాడు.

ఆయన లేచి అరుగు మీద కూర్చున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. నేను డిస్క్ పట్టుకుని హన్మకొండలో ఎక్కని షాపు లేదు. దాని మీద వేరేవి రాసేశారు మేడం, రావు అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

పన్నెండో రోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు. "వాళ్ల పేర్లు వాళ్లు చెప్పుకున్నరు. పోయినయ్. ఇగ నేను యాది చేసి చెప్తా, నువ్వు రాయి," అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చునేవాళ్లం. నేను పాట పెట్టేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఒకామెను గాజుల చప్పుడును బట్టి పోల్చేవాడు, ఒకామెను ఊపిరి తీసే తీరును బట్టి. ఈమె మట్టి పని చేసేది, ఈమెకు పై పన్ను లేదు, ఈమె తమ్ముణ్ణి తీసుకొచ్చింది, ఇలా ఒక్కొక్కటే చెప్పేవాడు. పేరు గుర్తుకు రాకపోతే ఆ రోజంతా ఉసూరుమంటూ ఉండేవాడు. దొరికితే మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిలిచి చెప్పేవాడు. సగం అయ్యాయి. సగానికి మించి కాలేదు.

కాక గొంతు బొంగురుపోతుంటే బీడీల వల్ల అనుకున్నాం. పెద్ద దవాఖానలో గడ్డ అన్నారు. కోసి తీసేశారు. గడ్డతో పాటు మాట కూడా పోయింది. మెడ దగ్గర చిన్న చిల్లుతో ఇంటికొచ్చాడు. పదిహేను రోజులకే పలక తెమ్మని సైగ చేశాడు. నేను పాట పెడితే పలక మీద పేరు రాసేవాడు, చిన్నపిల్లల అక్షరాలు, వంకర గీతలు. మొదట్లో రోజుకు పది, తర్వాత నాలుగు, తర్వాత ఒకటి.

అలాంటి రోజుల్లో డోర్నకల్ నుంచి ఒకతను వచ్చాడు. రైలు పట్టాల మీద పని చేస్తాడు. వాళ్లమ్మ చనిపోయి నెల అయిందట. ఎప్పుడో ఆమె కూలీలతో కలిసి వచ్చి ఇక్కడ పాడిందని వాళ్ల మేనత్త చెప్పిందట. ఆ పాట కావాలన్నాడు. పేరు చెప్పాడు. మేం రాసిన పేర్లలో ఆ పేరు లేదు. పేరు లేని పాటలు ఒక్కొక్కటీ వింటే నీకే తెలుస్తుంది కదా తమ్ముడూ అన్నాను. అతను చాలాసేపు విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా అవ్వ ఇంట్ల ఎన్నడు పాడలే అక్కా. పొలంల పాడేదట. పాట నాకెట్ల ఎర్కయితది? మాట అయితే గుర్తువడుదును," అన్నాడు.

మాట. ఆ మాట ఉన్నది గది ఫైల్లోనే. ఆమె కొడుకు నిద్రలో విన్నా పోల్చుకునేవాడు. అది నేను తుడిచేశానని అతనికి చెప్పాను. దాచి ఏం చేయను? అతను తల వంచుకుని హెడ్‌ఫోన్స్ తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. కాక మంచం మీద నుంచి అంతా విన్నాడు. పాటలు పెట్టమని సైగ చేశాడు. ఒక్కొక్కటే పెట్టాను. కాక కళ్లు మూసుకుని వినడం, కాదని తలూపడం. ఆ పూట ఇరవై దాకా అయ్యాయి. ఆయాసమొచ్చి పలక గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. డోర్నకల్ తమ్ముడు ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులే కాక ఉన్నది. రోజూ ఆ పాట కోసమే వెతికాడు. ఆయన పోయినప్పుడు పలక మీద ఏమీ లేదు.

మూడో దినం అయ్యాక చిన్నమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. ఆయన మాట ఎక్కడైనా ఉందా అని అడిగింది. ఫోన్లో చూద్దాం అన్నాను. ఫోన్లో కాదంది.

"మైకు తెచ్చిననాడు అందరికన్న ముందుగల్ల ఆయనే కూసున్నడు గుంతల. ఆయన పేరు చెప్పిండు, ఊరు చెప్పిండు, ఇంటామె పేరని నా పేరు సుత చెప్పిండు. పెండ్లయినకాడికెళ్లి నా పేరు ఆయన నోట్లకెళ్లి అదొక్కసారే విన్న బిడ్డా. ఒకటో నంబరు అన్నడు. జర అది పెట్టు."

నేను తుడిచిన వాటిలో మొదటిది అది. నాకు తెలియదు. తొంభై మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని ఇంతమంది పేర్లు చెప్పిన మనిషి, అందులో తనదీ ఒకటి పోయిందని ఒక్కసారి కూడా నాతో అనలేదు. చిన్నమ్మ కాళ్లు పట్టుకుని చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. మీరు గమనించే ఉంటారు, ఇందులో ఆయన పేరు నేనెక్కడా రాయలేదు. పేరు మనిషి నోట్లోంచి రావాలన్నది ఆయన మాట. ఆ నోటి పేరును పోగొట్టిన చేత్తోనే మళ్లీ దాన్ని రాయడానికి నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు డోర్నకల్ తమ్ముడు ప్యాసింజర్ బండికి వస్తాడు. పాట అయిపోయాక కాక గుండీ ఆపే లోపల పాడినామె ఒక మాటైనా అని ఉంటుందేమో, నీళ్లియ్యమనో, ఇక పోతాననో. దాని కోసం ఒక్కొక్కటీ చివరిదాకా వింటాడు. చిన్నమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది. ఆమెకు కావలసింది పాటకు ముందున్న ఆ "ఊఁ". నా బద్ధకం వల్ల మిగిలింది అదే. హెడ్‌ఫోన్స్‌లో ఒక వైపు ఆమె చెవికి, ఇంకో వైపు అతని చెవికి. మొన్న ఆదివారం కూడా పెట్టాను. మొదటి క్షణంలో చిన్నమ్మ కళ్లు మూసుకుంది. పాట నడిచింది, అయిపోయింది. చివర్లో ఫ్యాను మోత, అంతే. అతను కాదని తలూపాడు.

"ఇంకోటి పెట్టు బిడ్డా," అంది చిన్నమ్మ.