ఏడిపించిందెవరని అడిగిన పిన్నిగారు

పక్క అపార్ట్‌మెంట్ పిన్నిగారు పోయారని పోయిన ఆదివారం వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయింది, ఆంటీ. పెయిన్ ఏమీ లేదన్నారు," అన్నాడు. ఆవిడే వింటే, "అన్నదెవరు? వాళ్ళకెలా తెలుసు?" అని నిలదీసి ఉండేవారు.

మాకు చుట్టరికమేమీ లేదు. ఎనభైల మొదట్లో అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఒకే గోడకు ఇటు మేము, అటు వాళ్ళు. పాల డబ్బా మీద వేసిన తారీఖును కూడా ఆవిడ నమ్మేవారు కాదు. మూత తీసి వాసన చూడాల్సిందే.

ఆ చలికాలం నేను కడుపుతో ఉన్నాను. ఇంట్లో నాకు తెలియకుండా ఏదో జరుగుతోందనిపించేది. నేను గదిలోకి వెళ్తే మావారు ఫోన్ పెట్టేసేవారు. రోజూ టై కట్టుకుని బయల్దేరుతూ, ఆఫీసుకు ఫోన్ చేయొద్దనేవారు. ఆయనకు ఇంకెవరో ఉన్నారని నా అనుమానం. తిండి సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు. చెకప్‌లో డాక్టరు బీపీ చూసి, టెన్షన్ బేబీకి మంచిది కాదన్నాడు. ఆ మాట విన్నాక మావారు ఇంకా ముడుచుకుపోయారు.

ఒక శనివారం పిన్నిగారు పప్పు గిన్నెతో వచ్చి, మావారి ఎదురుగా కూర్చున్నారు.

"ఏమబ్బాయ్, లైబ్రరీలో ఉద్యోగం ఇచ్చారా? ఎప్పుడు చూసినా నీ కారు అక్కడే పార్క్ చేసి ఉంటోంది?"

మావారి ముఖం పాలిపోయింది. "లే ఆఫ్ చేశారు, పిన్నిగారూ. గ్రీన్ కార్డ్ కూడా ఇంకా రాలేదు. ఇప్పుడు తనకి చెబితే బేబీకి ఏమవుతుందోనని..."

"చెప్పకపోతే ఏమవుతోందో కనిపిస్తోందిగా! తెలిసిన కష్టమైతే ఒకసారి ఏడ్చి ఊరుకుంటుంది. తెలియని భయాన్ని ఏం చేసుకుంటుంది?"

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. ఏడ్చాను, ఆయన్ని నాలుగు మాటలూ అన్నాను. ఆ పూట పప్పన్నం కడుపునిండా తిన్నాను. ఎండలు ముదిరేలోగా ఆయనకు వేరే ఉద్యోగం దొరికింది, మాకు పాప పుట్టింది.

పాపకు మాటలు ఆలస్యమయ్యాయి. నేను పడ్డ దిగులే దాని మెదడుకు తగిలిందా అని డాక్టర్ని అడిగాను. "స్ట్రెస్ ప్రభావం ఉండొచ్చు. కానీ మీ పాప విషయంలో కారణం అదేనని ఎవరూ చెప్పలేరు," అన్నాడు. నా చెవికి 'ఉండొచ్చు' ఒక్కటే ఎక్కింది.

"రెండో మాట కూడా ఆయనే అన్నాడుగా, అది వినవేం?" అని కసిరారు పిన్నిగారు. తర్వాత గొంతు తగ్గించారు. "మావాడూ మూడేళ్ళదాకా నోరు విప్పలేదమ్మాయ్. 'నువ్వు కడుపుతో ఉండి ఏడ్చావు, అందుకే' అన్నారు మా అత్తవారు. ఏడిపించిందెవరని ఒక్కరూ అడగలేదు. అప్పట్నుంచీ ఎవరేం చెప్పినా నాకు అనుమానమే. పోనీయ్, పిల్లకి ఇప్పుడేం కావాలో అది చూడు."

స్పీచ్ థెరపీకి తనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళేవారు. అమ్మాయి ఇప్పుడు గలగలా మాట్లాడుతుంది, కంగారుపడితే కాస్త తడుముకుంటుంది. కారణమేమిటో నాకిప్పటికీ తెలియదు.

పిన్నిగారు అనగానే నాకు మా కింది అంతస్తు లాండ్రీ రూమ్ కళ్ళ ముందుకొస్తుంది. వెచ్చటి బట్టలు ఒళ్ళో వేసుకుని, చిన్న బనీను పైకెత్తి, "ఇదేంటే?" అని పాపను అడుగుతారు. నేను మాట అందించబోతే, ఇటు తిరగకుండానే అరచేయి అడ్డం పెడతారు. పాప పెదాలు కలుస్తాయి, విడిపోతాయి. వెనక డ్రయ్యర్ తిరుగుతూ ఉంటుంది. పిన్నిగారు బనీను అలాగే పట్టుకుని కూర్చుంటారు.