ఇమాముద్దీన్ చెవులు

రేకు పనిలో ఇమాముద్దీన్‌ను మించినవాడు లేడని పుంగనూరే కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లూ ఒప్పుకునేవి. ట్రంకుపెట్టెలు, నీళ్ల తొట్లు, బస్సుల పక్క రేకులు, ఏదైనా సరే. ఆ పనితనమంతా అతని చేతిలో ఉందని జనం అనుకునేవాళ్లు. నిజానికి ఉన్నది చెవిలో. వేలి కణుపుతో రేకును టక్కున కొట్టి, వచ్చిన చప్పుడును బట్టి లోపల తుప్పు ఎంతదూరం పాకిందో చెప్పేవాడు. పైన రంగు నిగనిగలాడుతున్నా "ఈడిదాకా పోయుండాది, ఈడికి కొయ్యాల" అనేవాడు. కోసి చూస్తే సరిగ్గా అక్కడిదాకానే తుప్పు ఉండేది. మంచి రేకు మోగుతుంది, పోయిన రేకు ఉలకదు పలకదు. అతని విద్యంతా ఈ ఒక్క ముక్కే.

ఆ ముక్క నేర్పినవాడు కుప్పంలో రైల్వే స్టేషను వెనక ట్రంకుపెట్టెలు చేసే ముసలాయన. మొదట గురువు, తరువాత మామ. ఆయన కూతురు రహీమా సుత్తి దెబ్బల మధ్యే పుట్టి పెరిగింది. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే పరదా వెనక నుంచి "అబ్బాజాన్, ఆ రేకు చచ్చిపోయింది" అని అరిచేదట. ముసలాయన కోసి చూసి, నవ్వి, ఈ పిల్ల మగపిల్లాడై పుట్టి ఉంటే నా దుకాణం ఎక్కడికో పోయేది అనేవాడట. పుట్టకపోయినా దుకాణం ఒకటి ఆమె మీదే నడవాల్సి వచ్చింది. అది తండ్రి దుకాణం కాదు, మొగుడిది.

ముప్పై ఏళ్లు రేకు మీద సుత్తి వేసినవాడి చెవులు ఊరికే ఉంటాయా? రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులకు రేకులు కొట్టీ కొట్టీ ఇమాముద్దీన్‌కు ముందు కుడిచెవి పోయింది. ఏడాది తిరక్కముందే ఎడమదీ పోయింది. ఆ సంగతి రహీమాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. రేకు పనివాడికి చెవుడని తెలిస్తే కోత పెట్టే పని ఎవడిస్తాడు? ఎవరైనా పిలిస్తే పలకడు, దారిలో సలాం కొట్టినా తిరిగి చూడడు. పనులు ఎక్కువయ్యేసరికి సాయిబుకు తల పొగరెక్కిందని వీధివాళ్లు నొచ్చుకున్నారు. పొగరుబోతు అనిపించుకోవడమే మేలని అతను ఊరుకున్నాడు.

పని మాత్రం ఆగలేదు. రహీమా గడప మీద కూర్చునేది. అతను రేకు మీద కణుపుతో కొట్టి ఆమెకేసి చూసేవాడు. ఆమె అరచెయ్యి పైకి తిప్పితే రేకు బాగున్నట్టు, బోర్లిస్తే పోయినట్టు. అంతకుముందు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, కొట్లాడుకున్నప్పుడు రెండూ కలిపి మాట్లాడుకునే ఆ మొగుడూ పెళ్లాలకు ఇప్పుడు ఈ చేతి భాషే మిగిలింది. దాంతోపాటు అతను ఇంకో అలవాటు చేసుకున్నాడు. అతుకు వేసిన రేకు మీద చెంప ఆనించి కళ్లు మూసుకునేవాడు. రివెట్టు ఎక్కడైనా వదులుగా ఉంటే ఆ అదురు దవడ ఎముకకు అందేది. చప్పుడు చెవికి రాకపోయినా ఎముకకు వస్తుందని ఆ వయసులో తెలుసుకున్నాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఎండాకాలంలో సోమల నుంచి ఒక టాపు కారు పుంగనూరుకు వచ్చింది. వచ్చింది అంటే దానంతటది రాలేదు, రెండెడ్లు లాక్కొచ్చాయి. దారి పొడుగునా జనం నిలబడి నవ్వారు. దాని యజమాని వెంకటముని బెల్లం వ్యాపారి. మంచివాడే గానీ, కారు విషయంలో మాత్రం అతన్ని తిట్టకుండా ఉండలేం. పెట్రోలు దొరకని రోజుల్లో కారును బండ్ల కొట్టంలో తోసేసి, చోటు వృథా ఎందుకని దాన్నిండా ఉప్పు మూటలు పేర్చాడు. నాలుగేళ్లు! ఇనుముకు ఉప్పు ఏం చేస్తుందో అంత పెద్ద వ్యాపారికి తెలియదా? మడ్‌గార్డులు జల్లెడలయ్యాయి, కాలు పెట్టే పలక చేత్తో విరిగింది, తలుపుల అడుగుభాగం పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"సాయిబూ, దీన్ని యాడికీ పంపను. మీ ఇంట్లోనే పెట్టుకో. మా నాయన ఎక్కిన బండి, ఎట్లైనా బతికించాల" అన్నాడు వెంకటముని.

ఇమాముద్దీన్‌కు పెదాలు కదలడం కనిపించింది. గడప వైపు చూశాడు. రహీమా తల ఊపింది. అతనూ తల ఊపాడు.

కారును పెరట్లో చింతకొమ్మల పందిరి కింద నిలబెట్టి, భాగాలు ఊడదీసి, ఒక్కో రేకూ కొట్టి చూడసాగాడు. వెనక ఎడమవైపు పలక మీద రంగు కూడా చెదరలేదు. దాన్ని అట్లాగే వదిలేద్దామనుకున్నాడు. కొట్టి చూస్తే రహీమా అరచెయ్యి బోర్లించింది.

"అద్దం మాదిరి ఉండాది కదా! యాల పోయింది అంటావు?" అన్నాడు విసుగ్గా.

ఆమె లేచి వచ్చి తనే కొట్టింది. మళ్లీ అరచెయ్యి బోర్లించింది. గొణుక్కుంటూనే కోత పెట్టాడు. లోపలి రేకు కాల్చిన అప్పడంలా పొడిపొడిగా చేతిలోకి వచ్చింది. రేకు విషయంలో రహీమా మొహమాటానికైనా అబద్ధం చెప్పదు. ఆ మాట అతను చాలామందికి గొప్పగా చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అప్పటికే రహీమాకు దగ్గు పట్టి నాలుగు నెలలైంది. మామూలు దగ్గు కాదు, ఒకసారి మొదలైతే మనిషిని వంచేసేది. ఆ దగ్గు వీధంతా వింది. ఎదురింటివాళ్లు విన్నారు, మసీదుకు పోయేవాళ్లు విన్నారు. ఒకే చూరు కింద ఉండే ఇమాముద్దీన్ ఒక్కడే వినలేదు. దగ్గు వస్తే ఆమె ముఖం తిప్పుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కొంగుకు ఎరుపు అంటిన రోజున ఆ గుడ్డ ముక్క చించి పొయ్యిలో వేసేది. చిక్కిపోయావేమని అతను అడిగితే ఎండలు అని ఆకాశం వైపు చూపించేది.

సాయిబు చెవుడును ఎప్పుడో పసిగట్టిన, పక్కింట్లో పెరుగు అమ్మే హనుమక్క ఊరుకోలేకపోయింది.

"రహీమమ్మా, ఇది మంచి దగ్గు కాదు. మదనపల్లె కాడ క్షయ ఆసుపత్రి ఉండాది కదా, పోయి సూపించుకో తల్లీ. నువ్వు చెప్పకపోతే సాయిబుకు నేనే చెప్తా."

"నీ కాళ్లు పట్టుకుంటా హనుమక్కా, చెప్పొద్దు. ఆయనకు తెలిస్తే సుత్తి కింద పెట్టేస్తాడు. నేను గడప మీద లేకపోతే పని తప్పు పోతాది, చెవుడని అందరికీ తెలిసిపోతాది. ఈ కారొక్కటి బాగా అయితే ఆయన పేరు నిలబడతాది. అయినాక నేనే పోతా."

హనుమక్క కళ్లు తుడుచుకుని నోరు మూసుకుంది. పాపం, ఆమెను తప్పుపట్టి ఏం లాభం?

కుడివైపు మడ్‌గార్డు అన్నిటికంటే కష్టపెట్టింది. పాడైన వంపునంతా కోసి, పాత పెట్టె రేకును అదే వంపుకు సాగగొట్టి, రివెట్లు వేసి, అతుకు సందుల్లో టంకం నింపాడు. ఒకరోజు మధ్యాహ్నం రహీమా మడ్‌గార్డు ఒక కొసను రొమ్ముకు ఆనించి పట్టుకుని కూర్చుంది. రెండో కొస మీద అతను చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. రేకు అదిరింది. రివెట్టు వదులుగా ఉందనుకుని అన్నీ వేలితో నొక్కి చూశాడు. ఏదీ కదల్లేదు. మళ్లీ చెంప ఆనించాడు. మళ్లీ అదురు. సుత్తి కింద ఉంది, తను ఎక్కడా కొట్టలేదు. ఆగి ఆగి, తెరలు తెరలుగా వస్తోంది ఆ అదురు. చెంప తీయకుండానే కళ్లు తెరిచాడు.

రహీమా పక్కకు తిరిగి ఉంది. కొంగు నోటికి అడ్డం ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె భుజం ఎగిరినప్పుడల్లా అతని దవడ అదురుతోంది.

అతను లేచి వెళ్లి ఆమె వీపు మీద అరచెయ్యి పెట్టాడు. రేకులో వచ్చినదే అరచేతికీ తగిలింది. ఆమె ఉలిక్కిపడి కొంగు దాచబోయింది. అతను ఆ కొంగు లాగి చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

ఆమె నాలుగు వేళ్లు చూపించింది.

"నాకు యాల చెప్పలేదు?"

రహీమా అతని ముఖంలోకి చూస్తూ, పెదాలు అతనికి అర్థమయ్యేలా మెల్లగా కదిపింది. "మీకు వినపడలేదు కదా" అంది, కొంచెం నవ్వుతూ.

ఎగతాళికే అంది. ఆ మాటకు ఇమాముద్దీన్ పెరట్లో మట్టిలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఊళ్లో ఉన్న రేకులన్నిటి లోపలా ఏముందో చెప్పినవాడు, పక్కన పడుకున్న మనిషి లోపల ఏముందో తెలుసుకోలేకపోయాడు. ఆ దుఃఖం అతన్ని చివరిదాకా వదల్లేదు.

అప్పటికప్పుడే బస్సెక్కుదామన్నాడు. రహీమా వినలేదు. కారు అయ్యాక కారులోనే పోదామంది. ఎంత బతిమాలినా గడప దిగలేదు. ఇక మిగిలింది పని త్వరగా ముగించడమే. నెల రోజుల పనిని పన్నెండు రోజుల్లో చేశాడు. ఆమె వసారాలో చాప మీద పడుకునే అరచెయ్యి తిప్పుతూ వచ్చింది. ఆ పన్నెండు రోజులు ఆగకుండా ఉండి ఉంటే అని అతను తరువాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

వెంకటముని వచ్చి కారు చుట్టూ తిరిగి నోరు తెరిచాడు. ఎక్కడ పాతదో, ఎక్కడ అతుకో కనిపెట్టలేకపోయాడు. రహీమా జబ్బూ, సాయిబు చెవుడూ తెలిశాక అతను తనే నడుపుతూ ఇద్దరినీ మదనపల్లెకు తీసుకెళ్లాడు. దారిలో రహీమా పక్క తలుపును కణుపుతో కొట్టి, విని, మొగుడికి అరచెయ్యి పైకి తిప్పి చూపించింది. అంత దిగులులోనూ అతనికి గర్వమనిపించింది.

ఆసుపత్రిలో ఆమెను ఉంచుకున్నారు. ఆదివారం ఆదివారం ఇమాముద్దీన్ బస్సులో వెళ్లేవాడు. పలకరింపులు లేవు. మంచం పక్కన కూర్చుని, ఆమె వీపు మీద అరచెయ్యి పెట్టి, చూసే వేళ అయిపోయేదాకా అట్లాగే ఉండేవాడు. ఈ వారం ఎక్కువగా ఉంది, ఈ వారం కాస్త తగ్గింది అని చెయ్యే చెప్పేది. వానలు వెళ్లాయి, చలి మొదలైంది.

ఒక ఆదివారం చెయ్యి పెడితే వీపు నిమ్మళంగా ఉంది. ఎంతసేపు ఉంచినా అదురు లేదు. ముందుకు వచ్చి ఆమె ముఖంలోకి చూసి, అరచెయ్యి పైకి తిప్పి, బాగుందా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. రహీమా అతన్ని చాలాసేపు చూసింది. తరువాత దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి, మెల్లగా అరచెయ్యి పైకి తిప్పింది.

రహీమా చెప్పాక ఇక అనుమానమేముంది? బస్సు దిగి అంగట్లో బెల్లం కొని హనుమక్క ఇంటికి పరుగెత్తాడు.

"దగ్గు పోయింది హనుమక్కా! ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ చేత్తో సూసినా. మంచిగా అయిపోయింది!"

దగ్గడానికి కూడా ఆమెలో ఓపిక మిగల్లేదని అతనికి తట్టలేదు. మోగని రేకు పోయిన రేకని ముప్పై ఏళ్లు లోకానికంతా చెప్పినవాడికి, ఆ ఒక్కరోజు తట్టలేదు.

బుధవారం ఉదయం వెంకటముని కారు ఇంటి ముందు ఆగింది. ఆసుపత్రివాళ్లు తంతి ఇచ్చింది అతనికే. దిగి వచ్చి ఇమాముద్దీన్ భుజం పట్టుకున్నాడు. చెవిటివాడికి ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక ఊరికే ఏడ్చాడు. ఇమాముద్దీన్ కారెక్కాడు.

ఆమెను పుంగనూరుకు తీసుకురావడానికి అదే కారు. వెనక సీటు మీద తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టారు. తల అతని ఒళ్లో ఉంది. ఎప్పటి అలవాటు ప్రకారం అతని అరచెయ్యి ఆమె వీపు కిందికి వెళ్లింది. మదనపల్లె దాటాక కంకర రోడ్డు వచ్చింది.

ఉన్నట్టుండి అతను ముందు సీటు మీద దబదబా చరిచాడు.

"ఆపప్పా! ఆపు! దగ్గుతాండాది! నా చేతికి తెలుస్తాండాది, దగ్గుతాండాది!"

వెంకటముని కారు ఆపాడు. వెనక్కి తిరిగి చూసి, ఏం చేయాలో తోచక ఇంజను కూడా ఆపేశాడు.

ఇమాముద్దీన్ కళ్లు మూసుకుని అరచేతిని ఇంకా గట్టిగా ఆనించాడు. తలుపు రేకు ఊరుకుంది. మడ్‌గార్డులు ఊరుకున్నాయి. చేతి కింద వీపు కూడా ఊరుకుంది.

చాలాసేపటికి చెయ్యి తీసి, దాన్ని బోర్లించి తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పోనీ అప్పా" అన్నాడు.